పద్నాలుగు గుంటల్లో లేని మనిషి

మా వదిన రుక్మిణమ్మను కే.జీ.కండిగైలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. ‘బస్సక్క’ అంటారు. బస్సు ఆమెది కాదు. ఆమెకు సైకిలు తొక్కడం కూడా రాదు. అయినా తిరుత్తణి చుట్టుపక్కల ఏ ఇంటివాళ్ళయినా కాశీకో పళనికో రామేశ్వరానికో పోయొచ్చారంటే అది మా వదిన మాట్లాడిన బస్సులోనే అయి ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా జనాన్ని పోగుచేయడం, బస్సు బాడుగకు కుదర్చడం, దారిలో వండించి పెట్టడం, దేవుళ్ళను చూపించి మళ్ళీ ఎవరి వాకిట్లో వాళ్ళను దింపడం ఆమె పని.

నేను ఆమె ఆడబిడ్డను, వరదమ్మను. తిరుత్తణిలో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. మా వీధి పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు గాని చదవమంటే అరవమే చదువుతారు. కాబట్టి వాళ్ళెవరూ ఇది చదివి మా వదినకు చాడీలు చెప్పరు, నేను ధైర్యంగా రాసుకోవచ్చు. ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నారు. ఆ సగం అధికారంతోనే ఈ నాలుగు మాటలూ చెబుతున్నాను. ఇందులో మెప్పు ఉంటే ఆమె అదృష్టం, దెప్పు ఉంటే నా హక్కు.

ఆమె జనాన్ని లెక్కపెట్టే పద్ధతి వేరే ఎక్కడా చూడలేదు. మా అమ్మ కాలం నాటి వామనగుంటల పీట ఒకటి ఉంది. అరవంలో పల్లాంగుళి అంటారు. ఇటు ఏడు గుంటలు, అటు ఏడు గుంటలు, మధ్యలో మడత. ఆడవాళ్ళు చింతగింజలతో ఆడుకునే ఆ పీటను మా వదిన యాత్రకు పట్టుకెళ్తుంది. ఇంటికి ఒక గుంట, మనిషికి ఒక వక్క. బస్సు ఎక్కడ ఆగినా దిగేటప్పుడు ప్రతి మనిషి చేతిలో ఒక గుండువక్క పెడుతుంది. మళ్ళీ ఎక్కేటప్పుడు ఎవరి వక్క వాళ్ళు తమ గుంటలో వేయాలి. ఏ గుంటలో వక్క తగ్గితే ఆ ఇంటి మనిషి ఇంకా రానట్టు. పేర్లు అరిచే పని లేదు, తలలు ఎంచే పని లేదు. ఇన్నేళ్ళలో ఆమె ఒక్క మనిషిని కూడా ఎక్కడా వదిలిపెట్టి రాలేదు. నా గుంటలో మాత్రం ఎప్పుడూ ఒక్క వక్కే. మా ఆయన పోయినప్పటి నుంచి అంతే.

పీట పట్టుకొని బస్సు తలుపు దగ్గర నిలబడేది కాబట్టి ఆమెకు గుంట లేదు. ఆ సంగతి మాకెవరికీ తట్టనే లేదు.

పోయినేడు ఒకనాడు కండిగై సంతలో కూరగాయలమ్మే బేబి మా వదినను అడిగింది. ‘‘అక్కా, కాశీ ఎట్లుంటాది? మా చర్చీలో ఒకామె అడిగింది, నాకు చెప్పేదానికి తెలీలేదు.’’

మా వదిన చిక్కుడుకాయలు ఏరుతూ మొదలుపెట్టింది. ‘‘కాశీలో బస్సు ఊరి బయటే నిలపాల. ఆ పక్కన ఒక టీకొట్టు ఉండాది, అల్లం బాగా దంచి ఏస్తాడు. బాత్రూములు మాత్రం ఛీ.’’

‘‘గంగ ఎట్లుంటాదక్కా?’’

‘‘గంగ… ఉండాది. పెద్దదే.’’

నాకు నవ్వు ఆగలేదు. ‘‘ఊరంతటికీ కాశీ చూపించినావు, నువ్వు చూసింది టీకొట్టు. దీపం కింద చీకటంటే ఇదే వదినా’’ అన్నాను. ఇలాంటి మాటలు మా మధ్య మామూలే. ఆమె తిరిగి ఒకటంటుంది, లెక్క చెల్లిపోతుంది. ఆ రోజు ఏమీ అనలేదు. సాయంత్రం మా ఇంటి అరుగు మీదికి వచ్చి కూర్చుంది.

‘‘వరదా, నిజంగా చెప్పు. ఇన్నేండ్లలో నేను ఏమి చూసినాను? పళనిలో పార్కింగు, రామేశ్వరంలో పార్కింగు. గుళ్ళోకి పొయ్యేలోపల ఎవడో ఒకడు వక్క ఎయ్యకుండా ఉంటాడు, వాణ్ణి ఎతుక్కోను పోతాను. ఒక్క జాగా అయినా కండ్లారా చూసి సావాల గదా.’’

ఆ మాటకు నాకు బాధేసింది. పైకి మాత్రం ‘‘సావు మాటలెందుకు, చూసేదేదో చూడు’’ అన్నాను.

మా వదిన ఏ మాటనూ గాలికి వదిలే మనిషి కాదు. ఆమె కొడుకు విఘ్నేష్ తిరువళ్ళూరు స్టేషన్ ఎదురుగా ఒక ట్రావెల్స్ ఆఫీసులో పని చేస్తాడు, రోజూ రైల్లో పోయి వస్తాడు. వాడి ఫోన్‌లో ఒక వీడియో చూసింది. మారిషస్ దీవిలో షమరెల్ అని ఒక ఊరు. అక్కడ మన్ను ఏడు రంగుల్లో ఉంది. ఎరుపు, గోధుమ, ఊదా, పసుపు, ఇంకా ఏవేవో, అలలు అలలుగా. ఆ దీవంతా అగ్నికొండ కక్కిన రాయేననీ, ఆ రాయి లక్షల ఏళ్ళు నాని, అరిగి, మన్నయి అట్లా రంగులు తేలిందనీ విఘ్నేష్ చెప్పాడు. వదిన ఆ వీడియోను మళ్ళీ మళ్ళీ పెట్టించుకుంది.

‘‘ఇదే చూడాల’’ అంది. ‘‘దేవుణ్ణి చూడాలంటే క్యూ ఉంటాది, తోపులాట ఉంటాది. మన్నును చూసేదానికి ఏముండాది? నిలబడి చూసేదే గదా. ఈ తడవ నేను చూస్తాను. కండిప్పా, తప్పకుండా చూస్తాను.’’

ఒక్కతే పోయిరావచ్చు గదా అంటారేమో. ఒంటరిగా పోవడం ఆమెకు తెలియదు. ఊళ్ళో చెప్పింది. ‘‘ఆడ ఏ సామి ఉండాడు?’’ అని అడిగినవాళ్ళకు ‘‘మురుగుడు ఉండాడు, కావడి ఎత్తుతారంట. శివుడు ఉండాడు. తెలుగోళ్ళు కూడా ఉండారు, మన మాదిరే పోయినోళ్ళు’’ అని చెప్పింది. విమానమంటే భయపడినవాళ్ళకు ‘‘బస్సే, రెక్కలుంటాయి అంతే’’ అంది. మా అన్న జయరామ మాత్రం ఆవులకు నీళ్ళెవరు పెడతారని ఇంట్లోనే ఉండిపోయాడు. టిక్కెట్ల సంగతి చూసుకునేదానికి విఘ్నేష్ వెంట వచ్చాడు, మిగతా జనం చేరారు. గుంటలన్నీ నిండాయి.

అక్కడి విమానాశ్రయంలో మొదటి దెబ్బ తగిలింది. పసుపు రాసి, సాంబ్రాణి పొగ పట్టి, మంజపై అనే పసుపు గుడ్డసంచిలో కట్టి తెచ్చుకున్న గుండువక్కలు చూసి అక్కడి ఆఫీసరు తల అడ్డంగా ఊపింది. చెట్టుకు కాసింది ఏదైనా ముందుగా అనుమతి లేకుండా దీవిలోకి రానివ్వరట, పురుగో తెగులో వస్తుందట. వదినకు భాష రాకపోయినా విషయం అర్థమైంది. గుమ్మడిపాదుకు తెగులొస్తే ఎట్లా ఉంటుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సంచి ఇచ్చేసింది. హోటలు ముందు దారి పక్కన నల్ల గులకరాళ్ళు పడి ఉంటే ఏరుకుంది.

‘‘కొండ కక్కిందే గదా, లెక్కకు ఏదైతే ఏమి’’ అంది. నా చేతిలో పెట్టిన రాయి చిన్నచిన్న బొక్కలతో గరుకుగా, తేలిగ్గా ఉంది.

మా బస్సు డ్రైవరు పేరు రాజేన్ అప్పాడు. నాలుగైదు తరాల కిందట వాళ్ళ మనుషులు మన తీరం నుంచి చెరుకు తోటల పనికి వచ్చారట. మాటలు వాళ్ళ భాషలో, కొంచెం ఇంగ్లీషులో. తెలుగు పదాలు అక్కడక్కడా దొర్లేవి. వామనగుంటల పీటను చూడగానే ‘‘మా అవ్వ, మా అవ్వ’’ అన్నాడు. ఆ తర్వాత చెప్పడానికి మాటలు దొరక్క పీటను రెండు చేతులా నిమిరి ఇచ్చేశాడు. దారి పొడుగునా చెరుకు తోటల మధ్యలో నల్ల బండరాళ్ళు కుప్పలు కుప్పలుగా పేర్చి ఉన్నాయి. చెరుకు నాటాలంటే ముందు ఆ రాళ్ళన్నీ ఏరాలి గదా, ఆ పాతకాలం వాళ్ళు ఏరి పెట్టిన కుప్పలవి అని చేతులతో చూపించాడు. కండిగై రైతులంతా కిటికీల్లోంచి ఆ కుప్పలే చూశారు, సముద్రాన్ని ఎవరూ చూడలేదు.

మొదటి రోజు గంగా తలావ్. పాత అగ్నికొండ నోట్లో నీళ్ళు నిండి ఏర్పడిన చెరువు. గట్టున గుళ్ళు, దారి మొదట్లో ఆకాశమంత శివుడు. అందరం దిగాం. వదిన కూడా కొంగు సర్దుకొని దిగబోయింది. ఇంతలో ధనకోటి మామ భార్య పొన్నమ్మ వచ్చి ‘‘ఆయన యాడికి పొయ్యినాడో తెలీలే’’ అంది. ధనకోటి మామది మా ఊరే, డెబ్భై దాటాయి. ప్రతి యాత్రలో తప్పిపోవడం ఆయనకు మొక్కుబడి. వదిన వెతుక్కుంటూ పోయింది. ఆయన ఒక మూల చేపలకు బొరుగులు వేస్తూ దొరికాడు. అప్పటికి మేమంతా దర్శనం చేసుకొని బస్సెక్కాం. వదిన తలుపు దగ్గర నిలబడి రాళ్ళు వేయించుకుంది. ఆమె చూసింది శివుడి వీపు.

రెండో రోజు క్యూర్‌పిప్ అనే ఊరికి పోయాం. ఊరి మధ్యలోనే అగ్నికొండ నోరు. అంచున నిలబడి చూస్తే లోపలికి చెట్లు దిగిపోయి, అడుగున కాస్త నీరు. చుట్టూ ఊళ్ళు, అవతల కొండలు.

‘‘ఇది మళ్ళీ కక్కదు గదా?’’ అని ధనకోటి మామ అడిగాడు.

‘‘ఎప్పుడో చల్లారిపోయిందంట మామా’’ అన్నాడు విఘ్నేష్.

‘‘మా ఇంటామె గురించి కూడా నేను రోజూ అట్లే అనుకుంటాను.’’

పొన్నమ్మ ఒక్క చూపు చూసింది, ఆయన నాలుగడుగులు దూరం జరిగాడు. మేం నవ్వుకుంటూ ఉండగా వదిన ఇంకా దారి మలుపులోనే ఉంది. ఒకామెకు మోకాలు పట్టేస్తే ఆమెను బస్సు దాకా నడిపించి, కాళ్ళకు నూనె రాసి, తిరిగి వచ్చేసరికి మబ్బు దిగి ఆ గుంటంతా తెల్లగా మూసేసింది. వదిన అంచున నిలబడి ఆ తెలుపును చూసి వచ్చింది.

‘‘ఏమి చూసినావు?’’ అన్నాను.

‘‘ఇడ్లీ పాత్రలో ఆవిరి’’ అంది. నవ్వలేదు.

ఇక మిగిలింది షమరెల్. ఆ పొద్దున ఆమె జరీ అంచు చీర కట్టుకుంది. పెళ్ళిళ్ళకు తప్ప తీయని చీర. బస్సు ఆగగానే పీటను విఘ్నేష్ చేతిలో పెట్టింది.

‘‘ఈ పూట నువ్వు చూసుకో నాయనా. నన్ను ఎవురూ పిలవబాకండి. మోకాలైనా, మాత్రలైనా, మామ తప్పిపోయినా సరే.’’

‘‘సరి మా, నేను చూసుకుంటా. నువ్వు పో’’ అన్నాడు వాడు.

లోపల చిన్న కొండవాలు. చుట్టూ అడవి పచ్చగా ఉంటే మధ్యలో ఆ చోట ఒక్క గడ్డిపరక కూడా మొలవలేదు. మన్ను మాత్రమే, అలలు తేలి, ఒక వైపు ఇటుక ఎరుపు, ఒక వైపు పసుపు, మధ్యలో ఊదా. కర్ర కంచె వేశారు, మన్ను మీద అడుగు పెట్టకూడదు. మన జనం ఊరుకుంటారా? ఏ పుణ్యక్షేత్రానికి పోయినా చిటికెడు మన్ను నొసట పెట్టుకునే అలవాటు. ధనకోటి మామ కంచె సందులోంచి చెయ్యి పెట్టాడు, కాపలావాడు ఈల వేశాడు, మామ ఆ వేళ్ళతోనే చెవి గోక్కొని ఏమీ ఎరగనట్టు వచ్చేశాడు. మేం ఫోటోలు తీసుకున్నాం, పక్కనున్న పెద్ద తాబేళ్ళను చూశాం, ఎండకు ఓర్వలేక బస్సు దారి పట్టాం.

విఘ్నేష్ తలుపు దగ్గర పీట పట్టుకొని నిలబడ్డాడు. ఒక్కొక్కరం రాయి వేశాం. గుంటలన్నీ నిండాయి. ధనకోటి మామ కూడా వేశాడు, అది చూసి వాడికి ఏనుగెక్కినంత సంతోషం. ‘‘అంతా వచ్చేసినారు, రైట్’’ అన్నాడు. బస్సు కదిలింది.

ఘాటు రోడ్డు. మలుపు మలుపుకూ కింద సముద్రం కనిపిస్తోంది, తీరానికి దూరంగా పగడపు గట్టు మీద తెల్లగా నురుగు. అందరూ అటే చూస్తున్నారు. పొన్నమ్మ మాత్ర వేసుకోవడానికి ‘‘బస్సక్కా, వేన్నీళ్ళు’’ అంది. జవాబు రాలేదు. మళ్ళీ పిలిచింది. వెనక సీట్లోంచి ఇంకెవరో ‘‘బస్సక్కా, ఆ చెక్కిలాల డబ్బా ఇట్ల ఇయ్యి’’ అన్నారు. దానికీ జవాబు రాలేదు. ముందు సీటు ఖాళీగా ఉంది. ఆమె సంచి, దాని మీద ఆమె ఫోను ఉన్నాయి.

విఘ్నేష్ పీట తెరిచి చూశాడు. ఏ గుంటా వెలితి లేదు. ‘‘అందరూ ఉండారే అత్తా’’ అన్నాడు నా వైపు తిరిగి. ఒక్కో గుంటలో వేలు పెట్టి మళ్ళీ ఎంచాడు. ‘‘లెక్క సరిగ్గానే ఉండాదే.’’

లెక్క సరిగ్గానే ఉంది. ఏదో ఒకటి కావలసొస్తే గాని ఆమె లేదని మాకు తెలియలేదు.  ఊరు గాని ఊరు, భాష రాదు, ఫోను లేదు. పైగా చిన్నబుచ్చుకొని ఉంటుంది. ముప్పై ఏళ్ళు ఎవరినీ వదలని మనిషిని మేం వదిలేశాం, అదీ కన్నకొడుకు చేతిలోంచి. ఆ కాసేపట్లో నాకు వచ్చిన కోపం విఘ్నేష్ మీద కొంత, నా మీద ఎక్కువ. ‘‘తిప్పు నాయనా, బండి తిప్పు’’ అన్నాను. రాజేన్‌కు ఆ మాట ఎవరూ అనువాదం చేయనక్కర్లేకపోయింది.

ధనకోటి మామ మాత్రం దారంతా గొణుగుతూనే ఉన్నాడు. ‘‘అందరికీ శకునం చెప్పిన బల్లి పొయ్యి కుడితి తొట్లో పడిందంట. బస్సక్క తప్పిపొయ్యింది చూడు. నేను కూడా రాయి ఏసిన దినమే.’’ నవ్వుతూనే మొదలుపెట్టాడు గాని చివరికి కిటికీలోంచి తల బయటపెట్టి దారంతా వెతుకుతున్నాడు.

మేం పరుగున లోపలికి పోయేసరికి మా వదిన ఏడవడం లేదు, వెతకడం లేదు, ఎవరినీ పిలవడం లేదు. కంచె పక్కన ఒక బల్ల మీద కాళ్ళు పైకి పెట్టుకొని కూర్చుంది. చెప్పులు కింద విడిచింది. ఇంతలో చిన్న వాన పడి వెలిసినట్టుంది, జరీ అంచు తడిసింది. తడిసిన మన్ను మీద ఎండ పడి మేం చూసినప్పటి కంటే రంగులు ఇంకా ముదిరాయి.

విఘ్నేష్ పోయి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ‘‘మా, నేను లెక్క చూసే పొయ్యినాను. అన్నీ నిండినాయి మా.’’

‘‘నిండుతాయి. నువ్వు సరిగ్గానే చూసినావు. లెక్కలో నేను లేను, అంతే’’ అంది వదిన. ‘‘బస్సు పొయ్యేది నాకు ఇనపడింది.’’

‘‘ఇనపడిందా?’’ అన్నాను నేను. ‘‘మరి అరిచి పిలవకూడదా వదినా? మా ప్రాణాలు పొయ్యినాయి ఈడ.’’

‘‘ఎందుకు పిలవాల? మీరు యాడికి పోతారు? వేన్నీళ్ళు కావాల్సొస్తే మీరే వస్తారని తెలుసు.’’ ఆ మాటలో కోపం లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది, అందుకే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ‘‘కూర్చో వరదా. ఆ మూల చూడు, ఆ ఊదా. వాన పడకముందు అది లేదు. ఇప్పుడే తేలతా ఉండాది. కాసేపు ఉండి పోదాం.’’

యాత్రలో బస్సును నిలిపి పెట్టమని మా వదిన ఎన్నడూ తన కోసం అడగలేదు. అందరం ఆగాం. ధనకోటి మామ కూడా ఎటూ పోకుండా నిలబడ్డాడు. నేను ఆమె పక్కన కూర్చొని ఆ మన్నును చూశాను. ఇందాక అదే చోట నిలబడి ఫోటో తీసుకున్నాను గాని ఊదా రంగును చూడనే లేదు.

‘‘ఇప్పుడు ఎవురన్నా అడిగితే చెప్తాను’’ అంది వదిన. ‘‘ఎర్ర మన్ను పైన ఉంటాది. దాని కింద గోధుమ. వాన పడితే ఊదా లేస్తాది. టీకొట్టు యాడుండాదో మాత్రం తెలీదు.’’

నేను నవ్వాను, కళ్ళు తుడుచుకున్నాను. మా లెక్క చెల్లిపోయింది.

బస్సెక్కే ముందు దారి పక్కన ఒక నల్ల రాయి ఏరి, పీటలో నా రాయి పక్కన వేశాను. ‘‘ఇదెవురిది?’’ అంది. ‘‘నీది’’ అన్నాను. ‘‘నాకెందుకు’’ అని గొణిగింది గాని తీసి పారేయలేదు. మేం బయలుదేరే రోజు ఆ రాళ్ళన్నీ చెరుకు తోట దగ్గరి కుప్ప మీద పోసింది, ఆ ఊరి రాయి ఆ ఊళ్ళోనే ఉండాలని.

కండిగైకి వచ్చాక బేబికి ఏడు రంగులూ ఒక పూటంతా చెప్పిందట. ఆ కార్తీకంలో పళని యాత్ర కట్టింది. మళ్ళీ పసుపు రాసిన గుండువక్కలు. కొండ కింద బస్సు ఆగింది. ఆమె అందరికీ వక్కలిచ్చింది, నాకూ ఇచ్చింది. నేను నా వక్కను గుంటలో తిరిగి వేసి, పీటను ఆమె చేతిలోంచి తీసుకున్నాను. సంచిలోంచి ఇంకో వక్క తీసి ఆమె చేతిలో పెట్టాను.

‘‘పళని నేను చానా తూర్లు చూసినాను వదినా. నువ్వు పొయ్యి తీరిగ్గా చూసి రా.’’

 వక్కను కొంగున ముడేసుకొని కొండ వైపు నడిచింది. అందరి కంటే ఆలస్యంగా, పొద్దు వాలాక వచ్చింది. అప్పటికి ధనకోటి మామతో సహా అందరూ వచ్చేశారు. నా గుంటలో రెండో వక్క పడేదాకా నేను రైట్ చెప్పలేదు.